ఆమె కాలు నేలమీద ఉందా?

కోర్టు సమన్లు వచ్చిన వారంలోనే నేను కరివేపాకు అనే మాట మర్చిపోయాను.

తిరుపతిలో మా వీధి చివర, రోజూ కూరగాయలు కొనే అంగడే అది. వంకాయలు, టమోటాలు తూకం వేయించుకున్నాను. ఎప్పుడూ అడిగేదే కదా అని నోరు తెరిచాను. మాట రాలేదు. ఆకు కళ్ళముందే ఉంది. నీళ్ళు చల్లిన గోనెపట్టా మీద నిగనిగలాడుతోంది. వాసన కూడా తెలుస్తోంది. పేరు మాత్రం ఎక్కడో ఇరుక్కుపోయింది. చివరికి వేలు చూపించి "అది" అన్నాను. అంగడామె రెండు రెమ్మలు తుంచి సంచిలో వేస్తూ, "ఏమ్మా, ఒళ్ళు బాగలేదా? మొగమంతా చెమట్లు పట్టినాది" అంది.

బాగానే ఉన్నానని చెప్పి వచ్చేశాను. ఇంటి గేటు గడియ తీస్తుంటే ఆ మాట దానంతటదే నోటికొచ్చింది. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని పైకే అన్నాను. ఎక్కడ మళ్ళీ జారిపోతుందోనని ఇంకోసారి అన్నాను.

ఇంకెప్పుడైనా అయితే నవ్వుకుని ఊరుకునేదాన్ని. అరవై దాటిన మనిషికి ఒక మాట తప్పిపోవడం వింతేమీ కాదు. కానీ ఇంట్లో టీవీ పక్కన ఆ సమన్లు ఉన్నాయి. చిత్తూరు కోర్టులో నేను సాక్షిని. నాలుగేళ్ళ కిందట నా కళ్ళతో చూసినదాన్ని బోనులో నిలబడి చెప్పాలి.

నా ఉద్యోగమంతా ఆడపిల్లల హాస్టళ్ళలో వార్డెనుగా గడిచింది, మొదట పలమనేరులో, తర్వాత చిత్తూరులో. జ్ఞాపకం నాకు అన్నం పెట్టిన గుణం. ఏ పిల్లది ఏ ఊరు, ఎవరికి ఏ తిండి పడదు, ఎవరి నాయన తాగి వచ్చి గేటు దగ్గర గొడవ చేస్తాడు, అన్నీ మనసులోనే ఉండేవి. రిటైరైన తర్వాత కూడా బస్టాండులో ఎవరో ఒకామె పిల్లను చంకనేసుకుని వచ్చి "మేడమ్, నేను గుర్తుండానా?" అంటే, ముందు ఊరు చెప్పి తర్వాత పేరు చెప్పేదాన్ని. బంధువుల్లో ఏ పెళ్ళి ఎప్పుడు జరిగిందో తేలకపోతే నాకే ఫోన్ చేసేవాళ్ళు. అలాంటిదాన్ని ఇప్పుడు ఆకు పేరు దొరక్క వేలు చూపిస్తున్నాను.

ఆ ప్రమాదం జరిగింది కరోనా తగ్గి బస్సులు మళ్ళీ మామూలుగా తిరుగుతున్న రోజుల్లో. చిత్తూరులో మా చెల్లెలిని చూసి తిరుపతికి వస్తూ, ఊరి బయట మలుపు దగ్గర బస్సు కోసం నిలబడ్డాను. మధ్యాహ్నం వేళ. కుడివైపు తిరగడానికి ఒక బస్సు రోడ్డు మధ్యలో ఆగి ఉంది. అది తిరుపతి బస్సేమోనని బోర్డు చదువుతున్నాను. దాని వెనక వచ్చిన కారు ఆగలేదు. బస్సుకు ఎడమ పక్కనుంచి దూరి, తారు దిగి మట్టిలోకి వచ్చి, అక్కడ స్కూటీ మీద ఉన్న ఒకామెను కొట్టింది. నేను పరుగెత్తుకుంటూ పోయి ఆమె తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. అంబులెన్సు వచ్చేదాకా అట్లాగే కూర్చున్నాను. తర్వాత పోలీసులు అడిగితే చూసింది చెప్పాను. ఆమె బతికింది కానీ ఒక కాలు సరిగా కుదురుకోలేదు.

కారు నడిపినతని వాదన ఏమిటంటే, తాను నెమ్మదిగానే వస్తున్నాడని, స్కూటీయే పక్క సందులోంచి ఒక్కసారిగా అడ్డం వచ్చిందని. కాబట్టి స్కూటీ ఆగి ఉందా, కదులుతోందా అన్నదే కేసుకు ప్రాణం. సమన్లు వచ్చిన మర్నాడే ఆమె భర్త నాకు ఫోన్ చేశాడు. "మేడమ్, మా ఆడది బండి ఆపుకోని ఒక కాలు కింద పెట్టుకోని ఉండినాది గదా. ఆ మాట గట్టిగా చెప్పండి. మాకు మీరే దిక్కు" అన్నాడు.

"చెప్తాను నాయనా, నా కండ్ల ముందరే ఉండాది" అన్నాను. నిజంగానే నా కళ్ళ ముందు ఉంది. పచ్చచీర కట్టుకున్న ఆమె ఎడమ కాలు నేలకు ఆనించి, పైట సర్దుకుంటూ ఉండటం.

మా ఆయన రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. రేణిగుంట, గూడూరు మధ్య తిరిగిన మనిషి. కోర్టులంటే ఆయనకు చిరాకు. కరివేపాకు సంగతి చెప్పగానే, "గుర్తు లేదని చెప్పేసేయ్. వయసు చూసి వాళ్ళే వదిలేస్తారు" అన్నారు.

"గుర్తుండాదే! లేదని ఎట్ల చెప్పేది?"

"అంగట్లో ఆకు పేరు రాలేదు. ఆడ వకీలు నాలుగు మాటలు తిప్పి అడిగితే నీ పేరైనా వస్తాదా?"

నా భయాన్ని ఆయన పైకి అనేశారు, అంతే. 

తెలిసినవాళ్ళందరూ తలా ఒక మందు చెప్పారు. పక్కింటామె సరస్వతి ఆకు కుండీతో సహా తెచ్చి ఇచ్చింది. ఒకరు నానబెట్టిన బాదంపప్పు అన్నారు, ఒకరు సహస్రనామం కంఠతా పట్టమన్నారు. మా చెల్లెలు ఫోన్లో లెక్కల ఆట ఒకటి పంపింది. అన్నీ చేశాను. ఆకు నమిలాను, ఆట ఆడాను. ఒకరోజు పాలు పొంగి పొయ్యి ఆరిపోయి, గ్యాస్ వాసన వంటిల్లంతా నిండేదాకా పక్కగదిలో ఆ లెక్కల ఆటే ఆడుతూ కూర్చున్నాను. మా ఆయన వచ్చి కిటికీలు తెరిచారు. ఏమీ అనలేదు. అనకపోవడానికే నాకు ఎక్కువ భయం వేసింది. మర్నాడు నేనే ఆయన్ను మెదడు డాక్టరు దగ్గరికి బయల్దేరదీశాను.

డాక్టరు చిన్నవాడు. నిదానంగా ఐదు మాటలు చెప్పి, గుర్తుపెట్టుకోమని, గడియారం బొమ్మ గీయించి, వంద లోంచి ఏడేడు తీసేయించి, తర్వాత ఆ ఐదు మాటలు చెప్పమన్నాడు. నాలుగు చెప్పాను. ఐదోది రాలేదు. చీర కుచ్చిళ్ళు పిడికిట్లో పట్టుకుని వెతుకుతున్నాను. "పర్వాలేదమ్మా" అని ఆయన కాగితం మీద ఏదో గీసుకున్నాడు. ఆ గీతేమిటో అడగడానికి నోరు రాలేదు.

"ఇంట్లో టీవీ సౌండు ఎంత పెడతారు?" అన్నాడు ఉన్నట్టుండి.

"వీధి చివరికి ఇనపడేంత" అన్నారు మా ఆయన.

చెవుల పరీక్షకు పంపారు. రక్తం తీశారు. మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకుని, మొహం నావైపు తిప్పి, గట్టిగా చెప్పాడు. "ఇది ఫలానా జబ్బు అని చెప్పేంత ఏమీ నాకు కనపడలేదు. ఒక విటమిను తక్కువుంది, దానికి మాత్రలిస్తాను. నిద్ర చాలడం లేదు. అన్నిటికంటే ముఖ్యం చెవులు. రెండు చెవులూ సగం సగమే పనిచేస్తున్నాయి. మాట సరిగా చెవిన పడకపోతే మనసులో ఎట్లా నిలుస్తుంది? నిలవనిదాన్ని మర్చిపోయాం అనుకుంటాం."

"అయితే ఇన్నాళ్ళూ నేను చెప్పింది దీనికి ఇనపళ్ళేదా, ఇనలేదా?" అన్నారు మా ఆయన. డాక్టరు నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

"మిషన్ పెట్టుకోండి. రోజూ నడవండి. మనుషులతో మాట్లాడండి. కొత్తది ఏదైనా నేర్చుకోండి, తెలిసిందే తిప్పి తిప్పి చేయడం కాకుండా."

"ఇవన్నీ చేస్తే మరుపు రాదా?"

ఆయన తొందరపడి అవుననలేదు. "రాదని మాటివ్వలేను. చేస్తే మంచిది. వచ్చే ఏడు మళ్ళీ చూద్దాం" అన్నాడు.

అదే సమయానికి కోర్టు వాయిదా కూడా ఇంకో రెండు నెలల తర్వాతకి మారింది. పరీక్షకు గడువు దొరికిన పిల్లలాగా కూర్చున్నాను నేను. చెవికి మిషన్ వచ్చింది. మొదటి రోజు గిన్నెల చప్పుడుకే ఉలిక్కిపడ్డాను. పుట్టింది చిత్తూరు పక్కన కాబట్టి అరవం మాట్లాడతాను కానీ చదవడం రాదు. ఒకటో తరగతి వాచకం కొని అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాను. వేలూరు బస్సుల బోర్డులు కూడబలుక్కుని చదివేసరికి బస్సు వెళ్ళిపోయేది.

పొద్దున్నే మా కాలనీ పార్కులో ఇద్దరం నడిచేవాళ్ళం. నడుస్తూ నడుస్తూ ఆ ప్రమాదం కథంతా ఆయనకు అప్పజెప్పేదాన్ని. హాస్టల్లో పిల్లలకు నేను నేర్పిన పద్ధతే అది, పాఠం నిలవాలంటే పైకి చెప్పాలి అని. మొదట్లో తడబడ్డాను. రానురాను ఎక్కడా ఆగకుండా వచ్చేసింది. బస్సు, కారు, దుమ్ము, పచ్చచీర, నేల మీద కాలు, పైట సర్దుకునే చెయ్యి. ఎంత నున్నగా వస్తే అంత ధైర్యంగా ఉండేది.

వాయిదా ఇక వారం ఉందనగా, ఒకరోజు మా ఆయన నడుస్తున్నవారు నిలబడిపోయారు.

"ఆ కాలు సంగతి యాడిది?" అన్నారు.

"ఏ కాలు?"

"ఆయమ్మ కాలు కింద పెట్టుకోని పైట సర్దుకుంటా ఉండినాదని చెప్తా ఉండావే, అది. మొదట్నించీ ఇంటా ఉండాను, అదొక్కటే నాకు కుదరడంలేదు."

"చూసినాను కాబట్టి చెప్తా ఉండాను."

"ఆ పొద్దు రోడ్డు మీద నుంచి నాకే గదా మొదట ఫోన్ చేసింది. బస్సు బోర్డు చూస్తా ఉంటిని, తల తిప్పేలోపల అయిపోయినాది అన్నావు. దుమ్ము చెప్పినావు. చీరంతా నెత్తురైనాదని చెప్పినావు. కాలు మాట ఎత్తలేదు."

"భయంలో అన్నీ చెప్తారా ఎవరైనా?"

"చెప్పకుండా ఉండొచ్చు. తల తిప్పేలోపల అయిపోయినాది అని మాత్రం నీ నోటితోనే చెప్పినావు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నిన్న తిన్న కూర మీకు గుర్తుండదు, నాలుగేండ్ల నాటి ఫోను గుర్తుండాదా? నాకు మతి పోతా ఉండాదని చెప్పాలనుకుంటే నేరుగానే చెప్పండి" అని, ఆయన్ను అక్కడే వదిలేసి ఒక్కదాన్నే ఇంటికి వచ్చేశాను.

ఇంటికి వచ్చి కూర్చున్నాను. అప్పుడు ఇంకో సంగతి గుర్తొచ్చింది. ప్రమాదమైన కొన్ని నెలలకు ఆమె భర్త పండ్లు తీసుకుని మా ఇంటికి వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, తన కాలు నేల మీద ఆనించి చూపిస్తూ, "ఇట్ల పెట్టుకోని పైట సర్దుకుంటా ఉండినాది మేడమ్. ఆగిన బండిని వచ్చి కొట్టినాడు" అన్నాడు. నేను తలూపాను. ప్రమాదం నాడు అతను అక్కడ లేడు. మరి అతనికెవరు చెప్పారు? నేనే చెప్పానా? లేక అతను చెప్పింది నాలో దిగిందా? ఎంత ఆలోచించినా రెండిటినీ విడదీయలేకపోయాను. మాట మర్చిపోతే కనీసం మర్చిపోయానని తెలుస్తుంది. లేనిది ఉన్నట్టు కనపడితే ఎట్లా తెలుస్తుంది? కరివేపాకు నాడు కూడా అంత భయపడలేదు నేను.

వాయిదా రోజు తెల్లవారి బస్సుకే బయల్దేరాం.  చిత్తూరు రాకముందే ఆ మలుపు వస్తుంది. కండక్టరుకు చెప్పి అక్కడే దిగేశాను. మా ఆయన ఎందుకని అడగకుండా నా వెనకే దిగారు.

రోడ్డు మధ్యలో డివైడరు కట్టారు. మూలనున్న టీ అంగడి పోయి మెడికల్ షాపు వచ్చింది. నేను నిలబడిన చోటు మాత్రం తెలుస్తోంది, కరెంటు స్తంభం పక్కన. స్కూటీ ఉన్న చోటుకీ నాకూ మధ్య రోడ్డు పక్క కాలువ మీది పాత మోరీ గోడ అట్లాగే ఉంది, దాదాపు నడుం ఎత్తున.

"ఆ గోడకు అవతల, మట్టిలో నిలబడండి" అన్నాను ఆయనతో. పోయి నిలబడ్డారు. మనిషి నడుం పైనుంచి బాగా కనపడుతున్నారు.

"ఇప్పుడు నేను ఒక కాలు ఎత్తినాను" అని అరిచారు అక్కణ్ణించి. "ఏ కాలో చెప్పు!"

కళ్ళు చిట్లించి చూశాను. రెండడుగులు పక్కకు జరిగి చూశాను. మునివేళ్ళ మీద లేచి చూశాను. గోడ తప్ప ఏమీ కనపడలేదు.

"చెప్పవేమే?"

"కనపడలేదు" అన్నాను. ఆయనకు వినపడలేదేమో, మళ్ళీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. రోడ్డు మీద పోయేవాళ్ళు చూస్తున్నారు. మా ఆయన దులుపుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డారు. నేనన్నదే నిజమైంది చూడు అని ఒక్క మాట అనలేదు. "పోదాం పా, ఆలస్యమైతాది" అన్నారు, అంతే.

ఆటోలో కూర్చున్నాక కళ్ళు మూసుకుని చూశాను. పచ్చచీర, నేల మీద కాలు, పైట సర్దుకునే చెయ్యి. ఇంకా ఉంది ఆ బొమ్మ. చెరపమంటే చెరిగేది కాదు అది. ఎంత స్పష్టంగా ఉందంటే, ఆ గోడే అబద్ధమేమో అనిపించేంత.

కోర్టు వరండాలో ప్రభుత్వ వకీలు దొరికింది. చిన్న వయసామె, చేతినిండా కాగితాలు. నేను పోలీసులకు చెప్పింది చదివి వినిపించి, "ఇందులో రోడ్డు పక్కన ఉన్న స్కూటీని కొట్టింది అని మాత్రమే ఉంది మేడమ్. ఆగి ఉందని మీరు చెప్పగలిగితే మనకు చాలా బలం. మీరు చూశారని దెబ్బ తగిలినామె భర్త అంటున్నాడు" అంది.

"అది నేను చూడలేదమ్మా" అన్నాను.

ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. "సరే. చూసిందే చెప్పండి" అని లోపలికి వెళ్ళిపోయింది. ఈ మాట దెబ్బ తగిలినామె భర్తకు ముందే చెప్పాలని వరండా అంతా వెతికాను. కనపడలేదు. ఇంతలో అటెండరు నా పేరు పిలిచాడు.

బోనులోకి ఎక్కి, ప్రమాణం చేసి తల ఎత్తేసరికి అతను చివరి బల్ల మీద కనపడ్డాడు. పక్కన ఆయమ్మ, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని. ప్రభుత్వ వకీలు అడిగినవాటికి బస్సు, కారు, మట్టి, దుమ్ము, అన్నీ చెప్పాను. కాలు దగ్గరికి వచ్చేసరికి నాలుక మీదికి వచ్చేసింది ఆ మాట. రెండు నెలలుగా అదే వరసలో అప్పజెప్పానేమో, దుమ్ము తర్వాత కాలు దానంతటదే తోసుకుని వస్తోంది. బోను కమ్మీ పట్టుకుని ఆగిపోయాను. అతను బల్ల మీద ముందుకు వంగాడు. నేను నోరు మూసుకున్నాను. అతని మొహం మాడిపోవడం అంత దూరం నుంచి కూడా కనపడింది.

ఆ తర్వాత కారతని వకీలు లేచాడు. పెద్దవాడు, మెత్తగా మాట్లాడే మనిషి.

"మీ చెవిలో ఉన్నదేమిటమ్మా?"

"వినికిడి మిషన్."

"ఎప్పటినుంచి?"

"ఈ మధ్యనే."

"ప్రమాదం నాడు లేదు. అంటే మా వాడు హారన్ కొట్టినా మీకు వినపడి ఉండదు."

"నాకు వినపడలేదని చెప్పగలను. కొట్టలేదని చెప్పలేను."

టైపు చేస్తున్న చప్పుడు. ఆయన పక్కకు తిరిగి, గొంతు ఇంకా తగ్గించి ఏదో అడిగాడు. నాకు సగమే అందింది. "గట్టిగా అడగండి" అన్నారు జడ్జిగారు.

"మీకు మతిమరుపు ఉందా అమ్మా అన్నాను."

"మాటలు కొన్ని టయానికి రావడంలేదు."

"డాక్టరుకు చూపించుకున్నారా?"

"చూపించుకున్నాను."

"ఏమన్నారు?"

"చెవికి మిషన్ పెట్టుకోమన్నారు."

వెనక ఎవరో నవ్వారు.  ఇంతసేపూ మెత్తగా ఉన్న వకీలు గొంతు అప్పుడు మారింది. "స్కూటీ పక్క సందులోంచి ఒక్కసారిగా వచ్చింది. అవునా?"

"అది నేను చూడలేదు. నేను చూసేటప్పటికి స్కూటీ మట్టిలో ఉండింది, తారు మీద లేదు. కారు కూడా మట్టిలోకే వచ్చింది."

"అడిగినదానికే చెప్పండి."

"చెప్పనివ్వండి" అన్నారు జడ్జిగారు. మళ్ళీ టైపు చప్పుడు.

"అసలు మీరేమీ చూడలేదు. దెబ్బ తగిలినవాళ్ళు వచ్చి చెప్పింది విని, ఇక్కడ చెప్తున్నారు."

 ఆయనకు తెలియకుండానే సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు. కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. నోటికి వేరే మాట వచ్చింది.

"విన్నది ఒకటి ఉండాది సార్. అది నేను ఈడ చెప్పలేదు."

జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. వకీలు అదేమిటని అడగబోయి, ఏమనుకున్నాడో, కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు.

బయటికి వచ్చేసరికి ఆయమ్మ భర్త మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. "ఏం మేడమ్, ఫోన్లో ఒకటి చెప్పినారు, ఆడ ఒకటి చెప్పినారు" అన్నాడు. గొంతు వణుకుతోంది. "పనులు ఇడిసిపెట్టి నాలుగేండ్లు తిరిగినాను ఈ కోర్టు చుట్టూ. ఒక్క మాట. చెప్పింటే మీ సొమ్మేం పోయింటుంది?"

"అబ్బా, చూసింది చెప్పినాది ఆమె" అన్నారు మా ఆయన మధ్యలోకి వస్తూ.

"మీరు ఊరికే ఉండండప్పా!"

"నేను నీకు ఫోన్లో చెప్పింది తప్పు నాయనా" అన్నాను. "చూసినాననే అనుకున్నాను. పొద్దున ఆడికి పోయి నిలబడితే తెలిసినాది. ఆ గోడ అడ్డం ఉండాది. కాలు కనపడదు. నేను ఉండాదని చెప్పింటే ఆ వకీలు ఒక్క ఫోటో చూపించి, మట్టి, దుమ్ము, అంతా అబద్ధమని తోసేసేవాడు."

అతను వినలేదు. విననక్కర్లేదు కూడా, అది నేను అప్పటికప్పుడు వెతుక్కున్న సమాధానం. బోనులో నిలబడినప్పుడు నాకు ఫోటోలూ వ్యూహాలూ తోచలేదు. అతను మొహం తిప్పుకుని చెట్టు కిందికి వెళ్ళిపోయాడు.

ఆయమ్మ మాత్రం బెంచీ మీద కూర్చునే ఉంది. నన్ను పక్కన కూర్చోమని చేత్తో తట్టింది. దగ్గరగా చూడటం ఆ రోజు తర్వాత అదే మొదలు.

"నా తల పట్టుకోనింది మీరేనా?"

"నేనే."

"నాకు ఏమీ తెలీదమ్మా. పాప ఓణీల ఫంక్షనుకు పావడ కుట్టిస్తే తెచ్చుకుందామని టైలరు కాడికి పోయినాను. ఆడిదాకానే తెలుసు. ఆమీన ఆస్పత్రే. ఆపుకోని ఉంటినా, పోతా ఉంటినా, నాకే తెలీదు. ఆయన అట్ల అంటాడు, నేనూ అట్లనే ఉంటాదేమో అనుకుంటాను." కర్రను అటూ ఇటూ తిప్పింది. "మద్దెలో ఏమైనాదో చెప్పేవాళ్ళే లేరు. నేనేమన్నా మాట్లాడినానా?"

కోర్టులో ఎవరూ అడగని సంగతి అది. నేను ఎన్నడూ అప్పజెప్పనిది కూడా. అందుకేనేమో, వెతుక్కోకుండానే వచ్చింది.

"మాట్లాడినారు. కవరు యాడ పడినాది అని అడిగినారు. అందులో పావడ ఉండాది, మట్టి కాకుండా చూడండి అన్నారు. కవరు మోరీ పక్కన పడింటే తెచ్చి దులిపి మీ చేతి కింద పెట్టినాను. అంబులెన్సులో కూడా దాన్ని ఇడవలేదు మీరు."

ఆమె కర్రను బెంచీకి ఆనించి నావైపు తిరిగింది. "ఆస్పత్రిలో అది ఎట్ల వచ్చిందని అందరినీ అడిగినాను" అంది. "పాప దాన్నే కట్టుకోనింది ఫంక్షనుకు." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. మా ఆయన రెండు గ్లాసుల టీ తెచ్చి బెంచీ మీద పెట్టి, దూరంగా వెళ్ళి నిలబడ్డారు.

కొన్ని నెలలకు తీర్పు వచ్చింది. కారతనికి శిక్ష పడింది, అతను పై కోర్టుకు పోయాడు. ఆనాడు రోడ్డు మధ్యలో ఆగిన బస్సు కండక్టరు కూడా సాక్ష్యం చెప్పాడట. నేను చెప్పిన దుమ్ము, మట్టి ఎంతవరకు పనికొచ్చాయో నాకు తెలియదు, ఎవరినీ అడగలేదు. ఆమె భర్త మళ్ళీ నాతో మాట్లాడలేదు.

ఏడాది తిరిగాక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఈసారి ఐదింటిలో రెండు మాటలు రాలేదు. ఇప్పుడే ఏమీ చెప్పలేను, ఆరు నెలలకు రమ్మన్నాడు. నడుస్తున్నాను. మాత్రలు వేసుకుంటున్నాను. అరవం ఇప్పుడు బోర్డులు దాటి పేపరు పెద్దక్షరాల దాకా వచ్చింది. భయం మాత్రం ఎటూ పోలేదు. పొద్దున లేస్తూనే, నిన్న ఏం చేశానో ఒకసారి తడుముకుంటాను. మా ఆయనకు ఏదైనా చెప్పేటప్పుడు "ఇది చూసినాను", "ఇది ఎవరో చెప్పినారు" అని విడదీసి చెప్పడం అలవాటైంది. మాట అంత నున్నగా రాదు. ఆయన ఓపిగ్గా వింటారు.

ఆయమ్మ అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. ప్రతిసారీ ఆ మధ్యాహ్నం గురించి ఇంకొక చిన్న సంగతి అడుగుతుంది. మొన్న అడిగింది, "ఆ పొద్దు నేను ఏడ్చినానామ్మా?" అని.

చాలాసేపు ఆలోచించాను. ఏడవలేదు, ఎంత ధైర్యంగా ఉన్నారో అని చెప్తే ఆమె సంతోషపడేది. అంటే నమ్మేది కూడా.

"గుర్తు లేదమ్మా" అన్నాను.

"సరే లెండి" అంది. తర్వాత పాప ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకుంటే మంచిదని అడిగింది. ఇద్దరం ఆ సంగతి చాలాసేపు మాట్లాడుకున్నాం.